భీమిలికి కాస్త అవతల

హలో… ఆ, నేనే ఒదినా. తాయారుని.

…బాగానే ఉన్నాను. మూడు రోజులయి ఫోను సెయ్యలేదు, నిజమే. మంగళారం నాడు ఒకటి పోనాది. అప్పట్నించి ఎవలితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

…కాదు, పర్సు కాదు. …గొలుసూ కాదు, మెళ్ళోనే ఉన్నాది. నోటుబుక్కు. మీ తమ్ముడి నోటుబుక్కు.

…ఆ, అదే. నీలం అట్టది. పైన "తిరుమలరావు, సోషల్ స్టడీస్" అని బడిపిల్లాడిలాగ రాసుకున్నాడే… అదే.

…ఎక్కడ పోనాదంటే… నీళ్ళలో పడిపోనాది.

…భీమిలి సముద్రంలోనా అంటే… ఉండు, సెప్తాను. ముందు నువ్వు కూర్చున్నావా? …కుర్చీలో వద్దు, దాని కాలు ఊగుతాది. అరుగు మీద కూర్చో. అన్నయ్య ఉన్నాడా పక్కన? …పొలం వెళ్ళేడా. మంచిది. స్పీకరు ఆపీ. …ఆ బాకా బొమ్మ ఉన్నాది సూడు, అది నొక్కు. …మళ్ళీ నొక్కీసేవు. …ఆ. ఇప్పుడు సరి.

ఒదినా, నేను భీమిలిలో లేను.

…

ట్రైనింగు లేదు. …ఎండాకాలం సెలవుల్లో టీచర్లకి రెండు వారాల ట్రైనింగు ఎవలు పెడతారు? నువ్వు నమ్మేవు గానీ.

…వైజాగులో కూడా లేను. ఇంకాస్త అవతల. భీమిలి ఒడ్డున నిలబడి సముద్రం కేసి సూస్తే… అటు. కొంచెం కుడిచేతి వైపు.

…పడవలో కాదు, విమానంలోనే వచ్చేను.

ఇండోనేషియా.

…

హలో? …ఒదినా? …హలో? …ఆ, ఉన్నావు. ఊపిరి వినిపిస్తన్నాది.

…ఒక్కతినే. ఎవల్తో వస్తాను?

…మీ తమ్ముడి సంచీయే, వీపుకి తగిలించుకుని. …యాభై మూడేళ్ళకి వీపున సంచీ ఏటంటే ఏటి సెప్పను? మా ఆరో తరగతి పిల్లలు మోసేదాని కంటే నాదే తేలిక.

…అవును, ఇన్నాళ్ళూ ఇక్కడే. …అవును, భీమిలి భోజనం బాగున్నాదని సెప్పేను. భోజనం బాగానే ఉన్నాది, అది అబద్ధం కాదు. …ఆ రోజు ఫోన్లో గంటలు వినిపించేయన్నావా? అవి ఇక్కడి కంచు వాయిద్యాలు. …యోగా క్లాసన్నాను, నిజమే. అది మాత్రం అబద్ధమే. ఒప్పుకుంటన్నాను.

…

తెలుసు.

…తెలుసు ఒదినా. ఆయన పోయి ఏడాది తిరగలేదు. వచ్చే నెలలో సంవత్సరీకం. గుడి మెట్టు ఎక్కకూడదు, కొండ ఎక్కకూడదు. పదో రోజున నువ్వే నన్ను కూర్చోబెట్టి సెప్పేవు. నేను తలూపేను.

…తలూపేనే గానీ మాటివ్వలేదు. నేను తెలుగు టీచర్ని. మాటిస్తే ఇచ్చేనని నోటితోనే అంటాను.

…అరవకు. వంశధార అవతల ఒడ్డుకి వినిపిస్తాది. ముఖలింగం అంతటికీ నువ్వే సెప్పినట్టుంటాది.

…అవి గుళ్ళే గానీ… విను ముందు. బోరోబుదూరు అని పెద్దది ఉన్నాది, రాతి కొండలాగ. అది ఎక్కేటప్పుడు సెప్పులు విప్పమనరు. వాళ్ళే గడ్డి సెప్పులు ఇచ్చి, ఇవి తొడుక్కుంటేనే ఎక్కనిస్తామన్నారు. సెప్పులు తొడిగి పంపేది గుడెలాగవుతాది? పైగా అది బుద్ధుడిది. ఆయన మన మైల పట్టించుకోడు.

…దిగేక ఆ సెప్పులు మనల్నే ఉంచీసుకోమన్నారు. నీకూ ఒక జత అడిగేను. నీ కాలు కొలత సెప్పలేకపోయేను.

…ప్రాంబనన్ అని ఇంకోటి ఉన్నాది, అది శివుడిదే. ఒప్పుకుంటాను. కానీ గర్భగుడిలో దీపం లేదు, పూజారి లేడు. గేటు దగ్గర టిక్కెట్టు సింపి లోపలికి పంపుతారు. మన సినిమాహాల్లో లాగే.

…ఎలాగుంటాడంటే… నిలబడి ఉంటాడు, మనిషెత్తు కంటే ఎత్తు. లింగం కాదు. ఒక్కో గదిలో ఒక్కళ్ళు. పక్క గదిలో దుర్గమ్మ. వెనకాల వినాయకుడు. గోడల సుట్టూ రామాయణం సెక్కేరు. మీ తమ్ముడైతే ఒక్కో బొమ్మ దగ్గరా అరగంట నిలబడేవాడు. నేను ఆయన బదులు నిలబడ్డాను. పావుగంట సొప్పున.

…మెట్లా? కొంచెం నిటారుగానే ఉన్నాయి. …ఎన్నంటే, లెక్కెట్టలేదు. …బోరోబుదూరికా? సాలా ఉన్నాయి. నువ్వేటి, తిట్టడం ఆపీసి మెట్ల సంగతి అడుగుతన్నావు? …ఊరికేనా. సరే.

…లేదు, మోసం సేసేవాళ్ళేం లేరు. ఏర్పాట్లన్నీ నేనే సేసుకున్నాను. ప్రాంబనన్‌కి జీపుంటే, మనుషులు నిండితే గాని కదలదన్నాడు. మన ఏడురోడ్ల కూడలిలో ఆటో ఉన్నట్టే. నేనూ, ఇంకో ముసలి దొర, ఇద్దరమే. గంట సూసేను. తరవాత నేనే గుమ్మంలో నిలబడి "ప్రాంబనన్, ప్రాంబనన్, ఒక్క సీటు, ఒక్క సీటు" అని మనోడు నరసన్నపేటకి అరుస్తాడే, అలాగ మొదలెట్టేను. …నవ్వకు. నలుగురెక్కేరు. డ్రైవరు మర్నాడు కూడా రమ్మన్నాడు, అరవడానికి.

…నవ్వేవు. నేను విన్నాను. …సరే, దగ్గే.

…నోటుబుక్కులో అన్నీ రాసే ఉన్నాయి. పన్నెండేళ్ళు రాసేడు, నీకు తెలీనిదేటి. రోజుకి ఒక పేజీ. పదమూడు పేజీలు. ఏ బస్సు, ఎక్కడ దిగాలి, ఏ గుడి ఏ పూట సూడాలి. మధ్యమధ్యలో నా మీద కూడా రాసేడు. నాలుగో పేజీలో, "ఇక్కడ తాయారు కాళ్ళు నొప్పులంటాది. రాయి మీద కూర్చోబెట్టాలి" అని.

…కూర్చున్నాను. కాళ్ళు నొప్పెట్టలేదు. అయినా కూర్చున్నాను.

…

బస్సులో పక్క సీట్లో సంచీ పెట్టేదాన్ని. ఎవలైనా అడిగితే తీద్దామని. ఎవలూ అడగలేదు.

…లేదు. బాగానే ఉన్నాను. సెప్తన్నాను కదా.

మంగళారం నాడు జావా నించి బాలికి పెద్ద పడవలో దాటేం. లారీలూ బస్సులూ కూడా ఎక్కుతాయి. గంట ప్రయాణం. నేను పైకెళ్ళి కమ్మీ దగ్గర నిలబడ్డాను. నీళ్ళు సూసేను… ఒదినా, ఇందులో తప్పంతా నాది కాదు. సగం నీది.

…నీదే! పెళ్ళయిన కొత్తలో వంశధార వంతెన మీద బస్సులో నా డొక్కలో పొడిసి, బిళ్ళెయ్యి, దణ్ణమెట్టు అని నేర్పింది ఎవలు? ముప్ఫై ఏళ్ళయి నీళ్ళు దాటితే నా సెయ్యి దానంతట అదే లేస్తాది.

…మన రూపాయి బిళ్ళే. వాళ్ళ సముద్రం పుచ్చుకుంటాదో లేదో అని కాస్త అనుమానించేను కూడా. వేసేను. తరవాత రెండు సేతులూ ఎత్తి దణ్ణమెట్టేను.

నోటుబుక్కు సంకలో ఉన్నాది.

…

ఆ. …జారిపోతంటే సూసేను. దణ్ణం మధ్యలో ఆపకూడదు కదా అని ఆపలేదు. పూర్తి సేసి వంగి సూసేసరికి అట్ట నీలం, నీళ్ళూ నీలమే. కనబళ్ళేదు.

…ఏడవలేదు. పక్కన జనం ఉన్నారు.

…అదేటి, నువ్వెందుకు… ఒదినా. ఊరుకో. గంగమ్మ పాపం సదువుకుంటాదిలే. మీ తమ్ముడి సేతిరాత బాగుంటాది.

…ఊరుకో మరి. బుధారం ఏటయినాదో సెప్తాను, నవ్వుతావు. ఉదయం గది తలుపు తీసేసరికి గుమ్మం ముందర ఆకు దొన్నె. దాన్లో పువ్వులు, నాలుగు మెతుకులు, పొగలొచ్చే అగరబత్తి. …ఆ! నేనూ అదే అనుకున్నాను, సేతబడని! చిల్లంగి! ఈ బాలిలో దిగి ఒక పూట కాలేదు, నాకు చిల్లంగి పెట్టే పగవాళ్ళు ఎవలున్నారని… మూడుసార్లు ఉమ్మి, తలుపేసీసి, కిటికీలోంచి దిగేను.

…కిటికీలోంచే. సీరతోనే. …సగం దిగేక ఇంటావిడ వచ్చీసినాది. ఆవిడ పూలబుట్ట పట్టుకుని కింద, నేను ఒక కాలు లోపలా ఒక కాలు బయటా. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం సూసుకుంటన్నాం.

…పూజే, ఒదినా! రోజూ ప్రతి ఇంటి ముందూ పెడతారట. దుకాణాల ముందర, బండి మీద కూడా. ఊరంతా అవే. మన ఊళ్ళో అన్ని కనిపిస్తే ఊరు ఖాళీ సేసి వెళ్ళిపోదుము. …ఇప్పుడు స్నేహం కలిసినాదిలే. పొద్దున్నే ఆవిడ పువ్వులు కోస్తాది, నేను ఆకులు మడిసి పుల్ల గుచ్చుతాను.

…సరే. అసలు సంగతికి వస్తన్నాను.

రేపు మధ్యాన్నం నా విమానం. నోటుబుక్కులో పన్నెండు పేజీలయ్యేయి. పన్నెండోది నోటికి తెలుసు, ఆయన రోజూ సెప్పేవాడు. పదమూడోది తెలీదు. ఆ పేజీ మూడు పక్కలా పిన్నులు కొట్టీసేడు, పరీక్ష పేపరు కట్టలాగ. "అక్కడికెళ్ళేకే విప్పాలి" అన్నాడు. నేను విప్పలేదు. పిన్నులతోనే నీళ్ళలో పడినాది.

…ఎన్నోసార్లు అడిగేను ఒదినా. నవ్వి, "అక్కకి తెలుసు" అనేవాడు. అంతే.

అందుకని ఫోను సేసేను. లేకపోతే ఎల్లుండి భీమిలి నించి వచ్చినట్టే వచ్చి, నీకు కాసిన్ని జీడిపప్పులు ఇచ్చి ఊరుకుందును.

ఆ పేజీలో ఏ గుడుంది?

…

ఒదినా, సెప్పు.

…ఏడాది తిరిగేక సెప్తావా? రేపు నా విమానం అంటంటే! మళ్ళీ ఎప్పుడొస్తాను నేను? …శిక్షా? నాకు శిక్షేటి ఒదినా ఇంక.

…

లేదు. కోపం లేదు. …నేనూ అనకూడదు ఆ మాట. ఇద్దరం అనీసుకున్నాం, సరిపోనాది.

…గుళ్ళోకి వెళ్ళేనా అంటే… అన్నీ సెప్పేను కదా, టిక్కెట్టు గుళ్ళు, సెప్పుల గుళ్ళు. …పూజలు జరిగే గుడా?

నిన్న వెళ్ళేను. ఊట నీళ్ళ గుడి. పన్నెండో పేజీ. …ఆగు, పూర్తిగా విను. వయాన్ అని, బండి మీద తిప్పే ఆయన ఉన్నాడు. తల నెరిసినాది, మనవలున్నారు. ఇక్కడ పెద్దబిడ్డకి ఆ పేరే పెడతారట, ఇంటికొక వయాన్ ఉంటాడు. వీధిలో పిలిస్తే నలుగురు పలుకుతారు. ఆయనే తీసుకెళ్ళేడు. నడుముకి పసుప్పచ్చ గుడ్డ కట్టించుకున్నాను. గేటు దగ్గరకెళ్ళేను. అక్కడ బోర్డు ఉన్నాది.

…ఇంట్లో సావు జరిగి మైలలో ఉన్నవాళ్ళు లోపలికి రాకూడదు అని. ఇంగ్లీషులో, పెద్దక్షరాలతో.

ఒదినా, ఒక్క మాట నిజం సెప్పు. నువ్వేటైనా ముందే వీళ్ళకి ఉత్తరం రాసీసేవా?

…నవ్వు నవ్వు. ఇంత సముద్రం దాటొస్తే గుమ్మంలో నువ్వే నిలబడి ఉన్నావు.

…వయాన్ అడిగేడు, ఎన్నాళ్ళయినాది అని. పదకొండు నెలలన్నాను. ఆయన నవ్వేడు. "మా ఊళ్ళో అయితే మీకు ఎప్పుడో తీరిపోనాది, లోపలికి రండమ్మా" అన్నాడు.

…

వెళ్ళలేదు.

…నిజంగా వెళ్ళలేదు. వాళ్ళ లెక్కలో తీరినాది గానీ, నీ లెక్కలో తీరలేదు కదా. గుడ్డ విప్పి ఇచ్చీసి, ఎదురుగా కొబ్బరిబొండాల కొట్టు ముందర బల్ల మీద కూర్చున్నాను. నీళ్ళ సప్పుడు వినిపిస్తాది అక్కడికి. రెండు గంటలు కూర్చున్నాను. బొండం ఒకటే తాగేను. కొట్టు మనిషి లేవమంటాడేమో అనుకున్నాను, అనలేదు.

…

ఒదినా?

…జలుబా. ఎండాకాలంలో జలుబేటి నీకు.

…ఆ. ఉన్నాను. సెప్పు. …ఎందుకంత మెల్లిగా? కోడలున్నాదా ఇంట్లో? …నూతి దగ్గరకెళ్ళి సెప్పు అయితే. నేను పట్టుకునే ఉంటాను.

…వచ్చేవా. ఊఁ.

…గొడుగులా? …తాటాకు గొడుగులు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. ఊఁ. …నల్లగా. …కొండల మధ్యని, సెరువులో? గుడి నీళ్ళలోనే ఉంటాదా? …మంచు. …పేరు తెలీదా. పరవాలేదు, ఉండు, వయాన్ బయట బండి దగ్గరే ఉన్నాడు. వయాన్! …లేక్… టెంపుల్… రూఫ్, అంబ్రెల్లా, అంబ్రెల్లా, అంబ్రెల్లా… ఆ, మెనీ! …ఊలున్ దానూ? …ఒదినా, ఊలున్ దానూ అంటన్నాడు. పెద్ద సరస్సట. బండి మీద గంటన్నరట ఇక్కణ్ణించి.

…నీకెలాగ తెలుసు? …ఫోన్లో బొమ్మలు సూపించేడా. ఎప్పుడు? …నిన్ను ఎంచమన్నాడా? …ఒక్కటి అక్కే ఎంచాలి అన్నాడా.

…మరి అన్నిట్లోకీ ఇదే ఎందుకు ఎంచేవు?

…మెట్లు లేవనా!

…అయ్యో ఒదినా! …కాదు, నవ్వడం లేదు. …నవ్వుతన్నాను, సరే. దేవుణ్ణి సూసి ఎంచలేదు, నీళ్ళు సూసి ఎంచలేదు, మోకాళ్ళు సూసుకుని ఎంచేవు.

ఆగు. బొమ్మలో సూసే గుడికి మెట్లుంటే నీకేటి, లేకపోతే నీకేటి?

…

నువ్వూ వస్తానన్నావా?

…ముగ్గురమా. …నాకు సెప్పొద్దన్నాడా. పేజీ విప్పినప్పుడు నువ్వు పక్కనే ఉండాలనా.

…ఉండు, ఉండు. పాస్‌పోర్టేటి? నీకు పాస్‌పోర్టు ఉన్నాదా? …ఎప్పుడు తీసేరు? …ఆ కంటి ఆపరేషనప్పుడా?

గున్నమ్మొదినా!

కంటికి పొర వచ్చిందని ఇద్దరూ కలిసి వైజాగు వెళ్ళేరు కదా! నేను పులిహోర కేరేజీ కట్టి పంపేను కదా! నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆటో దిగేవు. సెయ్యి పట్టుకుని గుమ్మం దాటించేను నేను! …వారం రోజులు మా ఇంట్లో ఉంచుకుని, పూటకి మూడుసార్లు కంట్లో సుక్కలేసేను! "మెల్లిగా, తాయారూ, మండుతన్నాది" అన్నావు!

…ఏ సుక్కలవి? …ఉత్తి సలవ సుక్కలా? మెడికల్ షాపులో మీ తమ్ముడే కొన్నాడా! …ఆ పక్క గదిలో కూర్చుని దగ్గేవాడు. దగ్గనుకున్నాను.

…అయితే పాస్‌పోర్టుకి వివరాలు కనుక్కోవడానికని కానిస్టేబులు మీ ఇంటికి రావాలి కదా. …ఆ కొబ్బరికాయల దొంగతనం కేసు అదేనా! అన్నయ్య పాపం ఆ రాత్రంతా కర్ర పట్టుకుని తోటలో పడుకున్నాడట!

…భీమిలి ట్రైనింగుకి నన్ను ఇంతసేపు తిట్టేవు. ఇంతసేపు!

…

ఎక్కడ పెట్టేవు దాన్ని? …బియ్యం డబ్బా అడుగునా. …తీసి సూసుకుంటావా అప్పుడప్పుడూ? …ఫొటోలో బాగున్నావా? …కళ్ళు బాగా పడ్డాయా. పడతాయి మరి, అన్ని సుక్కలేసేను.

…

పదకొండు నెలలూ ఎవలికీ సెప్పలేదా? …అన్నయ్యకీ? …నాకైనా సెప్పవలసింది.

…అవును. నేనూ సెప్పలేదు.

…

ఉన్నాను. …ఉన్నాను ఒదినా. నువ్వూ తుడుసుకో.

…ఏటీ? …ఇప్పుడా?

…వెళ్ళమంటన్నావా. నువ్వే? ఏడాది తిరక్కుండా? …గంటన్నరే, నిజమే. …వాడి పేజీ, నిజమే. …నీ పేరు సెప్పి బయట్నించే దణ్ణమెట్టమంటావా.

వద్దు.

…విన్నాను. నువ్వు వెళ్ళమన్నావు. పెద్దదానివి, నీ మాటే మాట. కానీ నేను వెళ్ళను. …పంతం కాదు. ఆ పేజీ విప్పినప్పుడు నువ్వు పక్కన ఉండాలన్నాడు కదా. నువ్వు అక్కడ నూతి దగ్గర ఉన్నావు.

…సంవత్సరీకం అవనీ. దసరా సెలవులున్నాయి నాకు. నీ మోకాళ్ళకి ఇప్పట్నించీ నూనె రాయించుకో. మెట్లు లేకపోయినా విమానానికి ఉంటాయి.

…అన్నయ్యకి ఏటి సెప్తావు మరి? …భీమిలి ట్రైనింగా! నీకు ట్రైనింగేటి ఒదినా, ఏ బళ్ళో సదువు సెప్తావు? …ఆలోసించు, ఇంకా నాలుగు నెలలున్నాయి.

…రెండో కన్నా?

…రెండో కంటికి కూడా పొర వచ్చినాదని! …నల్ల కళ్ళద్దాలు ఉన్నాయా ఇంకా? …దాచేవా. దాస్తావు నువ్వు.

…సుక్కలు నేనే తెస్తాన్లే.

…వయాన్ హారను కొడతన్నాడు. …ఎక్కడికీ లేదు, ఆయన్ని పంపీస్తాను. వయాన్! …నాట్ టుడే. …నో, నో లేక్. …అక్టోబర్. టూ పీపుల్. …టూ! …ఆ, ఓకే అంటన్నాడు. మెట్లు లేవు కదా అని కూడా అడిగేను. లేవట.

…వస్తాను. ఎల్లుండికి శ్రీకాకుళంలో ఉంటాను. మర్నాడే ముఖలింగం వచ్చి అన్నీ సెప్తాను. …జీడిపప్పులు కాదు, గడ్డి సెప్పులు. నా జతే నీకు ఇచ్చీస్తాను, సరిపోతాయో లేదో.

…పేజీలన్నీ అయిపోయేయా అంటే…

పన్నెండు సూసేను ఒదినా. పదమూడోది సూడలేదు.